వీరన్న పడిన మలుపు

పాత బొగ్గు లైను మీద పట్టాలు పీకి పదేండ్లు దాటింది. చెక్క దిమ్మెలు ఎవరికి దొరికినయి వాళ్లు మోసుకపోయిండ్రు. మిగిలింది కంకర, దాని మీద మొలిచిన గడ్డి. టేకులపల్లి అవతల అడివిల ఆ కట్ట మీద ఫారెస్టోళ్లు ఈ యేడు పొదలు కొట్టించి, పట్నం నుంచి వచ్చేటోళ్లు నడవనీకి తొవ్వ చేసిండ్రు. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. రైలు కోసం చదును చేసిన తొవ్వాయె, చంటిపిల్లను సంకనేసుకొని కూడా పోవచ్చు.

పూల్‌సింగ్ ముందు నడుస్తున్నడు. ఆయన పెండ్లాం లాలి నడుమ, చచ్చిపోయిన తమ్ముని పెండ్లాం కమ్లి పది అడుగులు ఎనక. కమ్లి కొంగు ముక్కు దాకా గుంజుకున్నది. బావకు మొఖం చూపొద్దు, సూటిగ మాట్లాడొద్దు. లంబాడీ తండాల పాత కట్టుబాటు. ఏ మాటైనా లాలి మీదుగనే పోవాలె.

ఇంకెంత దూరమో బావను అడుగుమన్నది కమ్లి. లాలి మొగని దిక్కు తిరిగింది.

"ఇన్నవు గదా, చెప్పు. మీ ఇద్దరి నడుమ పోస్టు మోసి మోసి నా తలకాయ నెరిసింది."

తూము దాటితే మలుపేనని చెప్పిండు పూల్‌సింగ్.

పదిహేడేండ్ల కింద మిట్టమధ్యాహ్నం ఆ మలుపులనే కమ్లి మొగడు వీరన్న బొగ్గు బండి కింద పడి చచ్చిండు. దీపావళి నాడు వాళ్లిండ్లల్ల చచ్చిపోయిన ఇంటి పెద్దల పేర్లు తలుచుకుంట నిప్పుల మీద నెయ్యి, బెల్లం, బువ్వ వేస్తరు. కమ్లి ఒక్కసారి గూడ వీరన్న పేరు తలవనియ్యలే. నాలుగేండ్ల పిల్లగాణ్ణి తన మీద ఏసి, తాగి పట్టాల మీద పండుకున్నోనికి బువ్వెందుకనేది. ఇప్పుడు ఆ పిల్లగాడు సంతోష్ పెండ్లీడుకు వచ్చిండు. ఈసారి తండ్రి పేరు తలిచి తీరుతనని మొండికేసిండు. ఆ జాగ ఒక్కసారి కండ్లతోని చూసినంక చెప్తనన్నది తల్లి.

వీరన్న తాగలేదని పూల్‌సింగ్‌కు తెలుసు. ఆయనకొక్కనికే తెలుసు. చెప్పుడా, ఊకుండుడా అని పొద్దటి నుంచి అదే నములుతున్నడు. లైను మీద అబద్ధం ఆడనోడు ఎవడు? అన్నదమ్ములతోని లైను పని చేయించిన కాంట్రాక్టరు కూలి లెక్కల్ల ఆడలేదా? ఆయన ఎక్కడనో మేడ మీద మేడ కట్టుకొనే ఉంటడు. కూలోని అబద్ధం మాత్రం కూలోని ఇంట్లనే చాప ఏసుకొని కూసున్నది.

తూము దాటిండ్రు. టేకు చెట్లు రెండు దిక్కుల కట్ట అంచుల మీద నీడ పరిచినయి, నడుమ కంకర మాత్రం ఎండల కాలుతున్నది. మలుపు కాడ పూల్‌సింగ్ ఆగి, కాలితోని కంకరను గీకి, ఇక్కడ్నే అన్నడు.

కమ్లి కూసున్నది. రాళ్లను చేత్తోని తడిమింది. లేచి అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచి చూసింది. అటెనక కొంగు పూర్తిగ ఎనక్కి తీసేసింది. ఆమె కోడలుగ వచ్చిన కాడ నుంచి పూల్‌సింగ్ ఆ మొఖాన్ని ఇంత దగ్గర చూడలే.

"బావా, నిన్నే అడుగుతున్న. ఎంత తాగినోడైనా పక్కన గింత నీడ పెట్టుకొని, కాలే కంకర మీద పండుకుంటడా?"

మాట మొయ్యబోయిన లాలి రెండడుగులు ఎనక్కి జరిగింది.

పూల్‌సింగ్ కింద చూసుకుంటనే చెప్పిండు. ఆ పగటేళ గ్యాంగంత బువ్వ తినపోయింది. పని ఆగొద్దని వీరన్న ఒక్కడే గడ్డపారతోని దిమ్మె కింద కంకర కూరుతున్నడు. బండి వస్తే ఆపనీకి మలుపవతల ఎర్రజెండా పట్టుకొని నిలబడాల్సింది పూల్‌సింగే. ఇప్పసారా సీస ఆయన నడుములనే ఉన్నది. ఒక గుక్క తాగిండు, ఇంకో గుక్క తాగిండు, టేకు మొదలుకు ఒరిగి నిద్రపోయిండు. డ్రైవరుకు జెండా కనబడలే. గడ్డపార చప్పుడుల వీరన్నకు బండి ఇనబడలే.

"తాగింది నేను కమ్లీ. సీసల మిగిలింది వాని అంగి మీద పోసిన. తమ్ముడే తాగిండని అందరికి చెప్పిన. నన్ను జైల్లేస్తరని భయమైంది."

ఆ అంగిని కమ్లి దవాఖానా కాడ మూటల చూసింది. ఆ వాసన పట్టుకొనే ఇన్నేండ్లు మొగుణ్ణి తిట్టింది. సంతోష్ చిన్న తప్పు చేసినా తాగుబోతు కొడుకని కొట్టింది.

ఆమె ఏడ్వలే.

"పదిహేడు దీపావళ్లు. అందరిండ్ల పెద్దలు తిని పోయిండ్రు. నా మొగడొక్కడు వాకిట్ల నిలబడి ఉత్తగనే మర్లిపోయిండు."

పూల్‌సింగ్ కాళ్ల మీద పడబోతే కమ్లి పక్కకు జరిగింది. ఇదంత నా కొడుకు ముంగట చెప్పాలె అన్నది. నువ్వన్న జర చెప్పవే అన్నట్టు ఆయన లాలిని చూసిండు.

"నా దిక్కు చూడకు," అన్నది లాలి. "ఇంక నీ మాటలు నేను మొయ్య."

మర్లి వచ్చేటప్పుడు, సాపుగ ఉన్న ఆ తొవ్వలనే పూల్‌సింగ్ మూడుసార్లు కూలబడ్డడు. ఆడోళ్లు ఆగలే.

తండాల సంతోష్ వాకిట్ల సైకిల్‌కు గాలి కొడుతున్నడు. పెద్దబాపును చూసి కుర్సీ తెచ్చి ఏసిండు, చెంబుతోని నీళ్లిచ్చిండు. కమ్లి గడప మీద కూసున్నది. పూల్‌సింగ్ తాగకుండనే చెంబు కింద పెట్టిండు. నీతోని ఒక సంగతి చెప్పాలె అన్నడు.

"ఏంది పెద్దబాపు, పిల్లను గిట్ల చూసినవా?" అని సంతోష్ నవ్విండు.

"కాదు బిడ్డా. మీ బాపు ఆ దినం తాగలే."