అవునన్న వాళ్ళందరూ

విమానాశ్రయం గుమాస్తాను ఊళ్ళో అందరూ ఫారాలాయన అంటారు. రెండేళ్ళ క్రితం వచ్చిన పేరది. దూరపు దీవులకు సరదాగా వెళ్ళిరావడానికి ఇక్కడి నుంచే నేరుగా విమానం వేస్తే ఎక్కుతారా అని కనుక్కురమ్మని పైవాళ్ళు వెయ్యి ఫారాలిచ్చారు. ఆయన ఒక్క గుమ్మం వదలకుండా తిరిగాడు. తొమ్మిది వందల నలభై మంది ‘అవును’ దగ్గర టిక్కు పెట్టారు. ఆ కట్ట చూసి కంపెనీ వారానికో విమానం వేసింది. పదకొండు గంటల ప్రయాణం. ఆయన మాట మీదే బావమరిది పదహారేళ్ళ బస్సు డిపో ఉద్యోగం వదిలి, ఆ విమానానికి సామాన్లెక్కించే పనిలో చేరాడు.

తీరా చూస్తే సగం సీట్లు కూడా నిండడం లేదు. ఈ శుక్రవారం రెండు వందల మంది ఎక్కకపోతే సర్వీసు ఆపేస్తామని ఉత్తరం వచ్చింది. ఫారాలాయన దేవుడికి దండం పెట్టుకుని, పాత కట్ట చంకన పెట్టుకుని మళ్ళీ బయల్దేరాడు.

దర్జీ తన ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నా సంతకమేనండీ. ఎండలో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కాదని ఎలా పంపించను?”

“అయితే వెళ్ళే ఉద్దేశం లేదా?”

“నాకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుందండీ.”

పంతులమ్మ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. “ఎక్కుతారా అన్నారు గానీ ఎప్పుడని అడగలేదుగా అన్నయ్యగారూ. పిల్ల పెళ్ళయ్యాక తప్పకుండా.”

సాయంత్రానికి నలభై ఇళ్ళు తిరిగాడు. ఎవరూ విసుక్కోలేదు. ఒక్కరైనా మోసం చేసి ఉంటే కోప్పడడానికి వీలుండేది. ఎదుటివాడి మనసు నొప్పించలేక అన్న మాట కూడా అబద్ధమేనా స్వామీ అని దారిలో అడిగాడు. దేవుడూ మర్యాదస్థుడే కాబోలు, ఏమీ అనలేదు.

శుక్రవారం డెబ్బై ఒక్క మంది ఎక్కారు. బావమరిది ట్రాలీ ఆపి దగ్గరికొచ్చాడు.

“ఇంకా పెట్టెలున్నాయా బావా?”

“అంతేరా.”

విమానం తలుపు మూసుకుంది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

“నీ ఫారం కూడా ఉందా ఆ కట్టలో?” అన్నాడు బావమరిది.

ఉంది. అన్నిటికన్నా అడుగున. ‘అవును’ దగ్గర టిక్కుతో. “మేనేజరుగారు ఎదురుగా నిలబడి ఇచ్చార్రా,” అన్నాడు ఫారాలాయన.

బావమరిది నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు లేదు.

“డిపోలో ఒకసారి అడగరాదూ,” అన్నాడు ఫారాలాయన.

“నా బండికి ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.”

“ఈ పని నీకిష్టమేనన్నావు కదరా అప్పుడు.”

బావమరిది ఖాళీ ట్రాలీని వెనక్కి తిప్పుకున్నాడు.

“నువ్వొచ్చి అడిగితే కాదంటానా బావా?”