గొంతు మారిన నాణెం

పొద్దున్నే కాఫీ గ్లాసులు కడిగి బోర్లించగానే వదినా మరదళ్లిద్దరూ మేడ దిగి కొట్టు తలుపులు తీసేవాళ్లు. ఒకప్పుడది ఫొటో స్టూడియో. వదినగారి తమ్ముడు, అంటే మరదలి మొగుడు, ఉన్నన్నాళ్లూ జనం అక్కడి బెంచీ మీద తల దువ్వుకుంటూ వరసగా కూర్చునేవాళ్లు. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లొచ్చాక బెంచీ ఖాళీ అయింది. ఆ తరవాత తమ్ముడూ పోయాడు. మిగిలిన రెండు లైట్లనీ, ఒక మంచి లెన్సునీ అమ్ముకోవడానికి మనసొప్పక, మరదలు వాటి కింద పాత నాణేలు పెట్టి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్లో పాత నాణేలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ చేరే సంత ఒకటుంది. బొమ్మా బొరుసూ అంత నిక్కచ్చిగా చూపించే మనిషి ఆ సంతలో ఇంకొకరు లేరని ఆమెకి పేరొచ్చింది.

ఫొటో మరదలిది. చెవి వదినగారిది.

వదినగారిని వీధివీధంతా ఆపరేటరమ్మ అనే పిలిచేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో హెడ్‌సెట్ తగిలించుకుని ఊరికీ ఊరికీ లైన్లు కలిపిన మనిషి. ఆ పని మిషన్లు చేసేయడం మొదలుపెట్టాక ఆమెకి మిగిలింది పెన్షనూ, తమ్ముడింట్లో ఒక గదీ. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ప్రయత్నించానమ్మా, లైన్లన్నీ బిజీ" అనేది. అడిగినవాళ్లు నవ్వేసి వేరే సంగతిలోకి వెళ్లిపోయేవాళ్లు. ఆమెకి కావలసిందీ అదే.

నాణేల సంగతి అందరికీ తెలిసిందే. ఎవరైనా దాన్ని ఇచ్చి ఏదైనా కొన్నప్పుడో బాకీ తీర్చినప్పుడో, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో అన్న ఆఖరి మాట దాంట్లో ఉండిపోతుంది. చెవికి ఆనించుకుంటే వినిపిస్తుంది. చలామణీలో ఉన్నవాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పొద్దుట పాలవాడి దగ్గర పడిన మాట మధ్యాహ్నానికల్లా మారిపోతుంది. చలామణీ పోయిన నాణేనికి మాత్రం ఆఖరి బేరమే మిగులుతుంది. సంతలో దాన్ని కొన్నా అమ్మినా అప్పుడది సరుకే గానీ డబ్బు కాదు కాబట్టి, ఎవరైనా మళ్లీ డబ్బులా చెల్లిస్తే తప్ప, దాని గొంతు చెక్కుచెదరదు. తోమితే మాత్రం పోతుంది. తెలియనివాళ్లు తళతళా మెరిసేలా తోమి తెచ్చిన నాణెం చెవిలో పెట్టుకున్నప్పుడల్లా ఆపరేటరమ్మ, "పాపం, దీని నోరు నొక్కేశారు" అని పక్కన పెట్టేసేది.

ఆ గొంతు రికార్డు చేద్దామంటే ఫోన్లో గరగర తప్ప ఏమీ పడదు. అందుకని అమ్మేవాళ్లు ఫొటో కింద విన్నది విన్నట్టు రాయాలి. చాలామంది "ఆడగొంతు, పరవాలేదు" అని రాసి చేతులు దులుపుకునేవాళ్లు. ఆపరేటరమ్మ అలా కాదు. "చెప్పులు కొన్నాయన. కరుస్తాయేమోనని అనుమానం, అయినా తీసుకుంటున్నాడు" అని రాసేది. "చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి. మాట సగంలో పిల్ల నాణెం లాక్కుంది" అని రాసేది. కొందరు కొనే ఉద్దేశం లేకపోయినా ఆ రాతలు చదవడానికే వచ్చిపోయేవాళ్లు.

ఒకసారి ఏదో పాత రేవు కాంట్రాక్టరు ఇంటి అటక మీద దొరికిన నాణేల సంచి ఒకటి వేలంలో వచ్చింది. నది దాటించే పడవ ఎక్కడానికి జనం ఇచ్చిన చిల్లర అది. వంతెన కట్టాక పడవా లేదు, ఆ నాణేలకి చలామణీ లేదు. ఆపరేటరమ్మ రోజంతా కూర్చుని ఒక్కొక్కటే వింది. చిల్లర లేదని గొణిగినవాళ్లు, మేకకీ డబ్బులేనా అని దెబ్బలాడినవాళ్లు, అన్నీ ఎక్కినవాళ్ల మాటలే. ఒక్కదాంట్లో మాత్రం డబ్బు పుచ్చుకున్నవాడి గొంతు వినిపించింది. ఆమె రెండోసారి విని ఇలా రాసింది:

"నీటి మీద గాలి. పడవ నడిపే మనిషి. బొంగురు గొంతు. 'ఇంకొక్కరికి చోటుంది, పరిగెత్తకండి' అని ఒడ్డుకి కేకేస్తున్నాడు."

దాన్ని సంతలో పెట్టిన గంటలోపే ఎవరో బేరమాడకుండా కొనేశారు.

కష్టమంతా మర్నాటి వానతో వచ్చింది. కొరియర్ మనిషి రాలేదు. ఇద్దరూ కాలక్షేపానికి పేక ముక్కలు తీశారు. పందెం ఎప్పుడూ చొక్కా గుండీలే. ఆ రోజు ఆపరేటరమ్మ చేతిలో గుండీలన్నీ ఊడ్చుకుపోయాయి. చివరి ఆట కూడా పోయేసరికి నవ్వాపుకోలేక, బల్ల మీద చేతికందిన నాణెం తీసి మరదలి ముందుకి తోసి, "తీసుకోవే తల్లీ, నా యావదాస్తీ నీకే రాసిచ్చేశాను!" అంది. మరదలు దాన్ని దర్జాగా పుచ్చుకుని, ఆట అయ్యాక తీసిన చోటే పెట్టేసింది. వాన తగ్గాక పార్సిళ్లు కట్టి పంపేశారు. అది ఏ నాణెమో ఇద్దరూ చూడలేదు.

వారం తిరగకుండానే ఫోనొచ్చింది. ఫోన్లు తీసేది ఆపరేటరమ్మే.

"నాణేల వాళ్లేనా అండీ?" నెమ్మదైన మగగొంతు. ఆ వెనక ఎక్కడో ఇనుప తలుపు జారి మూసుకున్న చప్పుడు.

"అవునండి, చెప్పండి."

"మీరు పంపిన రేవు నాణెం అందింది. నాణెం అదే. గొంతే అది కాదు."

"అలా జరగదండీ. నేనే విని రాశాను. ఒకసారి మళ్లీ..."

"చాలాసార్లు విన్నానమ్మా. ఎవరో ఒకావిడ నవ్వుతోంది. యావదాస్తీ రాసిచ్చేశానంటోంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ గొంతు మీదే అనుకుంటానండీ."

ఆపరేటరమ్మకి పేకాట బల్ల గుర్తొచ్చింది. జీవితంలో ఒక్క లైను తప్పు కలపలేదని పేరున్న మనిషి.

"తప్పు మాదేనండీ," అంది. "పందెంలో పొరపాటున ఆ నాణెమే పెట్టాను. మీ డబ్బు ఇవాళే వెనక్కి వేయిస్తాను."

"డబ్బు కోసం చెయ్యలేదమ్మా. ఏం జరిగిందో తెలుసుకుందామని చేశానంతే. ఆ పడవాయన మా నాన్న."

ఆమె ఇంకేదో అనేలోపే ఆయన, "ఉంటానండీ" అని మర్యాదగా పెట్టేశాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

సంగతి విని మరదలు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇప్పుడాయన సైట్లో మన గురించి ఏం రాస్తాడో ఏంటో! ఇన్నాళ్ల పేరు వదినా, ఒక్కమాటతో పోతుంది. డబ్బిచ్చేసి, ఇంకో రెండు మంచివి ఊరికే పంపుదామా?"

"ఆయన నాన్న గొంతు చెరిపేసి రెండు చిల్లర పైసలు పంపుదామంటావా? పేరు సంగతి నువ్వు చూసుకో అమ్మాయ్. మనిషి సంగతి నేను చూస్తాను."

పార్సిల్ మీద రాసిన అడ్రసు పట్టుకుని మర్నాడు పొద్దున్నే ఆయన ఊరికి బయల్దేరింది.

ఆయన ఒంటరిగా ఉండేది ఒక పాత అపార్టుమెంటు కింది వాటాలో. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. రిటైరయ్యే వయసు దాటినా ఆ వీధిలో ఏ లిఫ్టు ఆగినా ఆయన్నే పిలుస్తారు. తలుపు తీసి ఆమెని చూశాడు గానీ ఎవరో పోల్చుకోలేదు. ఆమె "నమస్కారమండీ" అనగానే, "ఓ, మీరా!" అని గబగబా కుర్చీ మీద బట్టలు తీశాడు.

టీ పెట్టిచ్చి, బల్ల సొరుగు లాగాడు. నట్లూ బోల్టులూ పెట్టుకునే గళ్లలో నాణేలు. అన్నీ ఆ రేవువే.

"ఎక్కడ కనబడితే అక్కడ కొన్నానండీ. మా నాన్న మాట్లాడే మనిషి కాదు. చెయ్యి చాపి డబ్బు తీసుకునేవాడంతే. పడవ కదిలేముందు మాత్రం ఆ ఒక్క కేకా వేసేవాడు. ఆయన పోయేనాటికి నేను బడికి కూడా వెళ్లడం లేదు. ఆ మాట మా అమ్మ చెప్పగా చెప్పగా గుర్తుండిపోయింది. గొంతే గుర్తు లేదు. మీరు రాసింది చదవగానే ఆయనేనని తెలిసిపోయింది."

ఆపరేటరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. క్షమించమని అడుగుదామనే వచ్చింది గానీ, ఆ గళ్లన్నీ చూశాక ఆ మాట చిన్నదనిపించింది.

"నాకు వినపడింది చెప్పనా అండీ?" అంది.

ఆయన తలూపాడు.

"కాస్త జలుబు చేసిన గొంతు. పైకి బొంగురే గానీ కోపం లేదు. 'ఇంకొక్కరికి' అన్నప్పుడు బాగా పెంచాడు, ఒడ్డు దూరం కదా. 'చోటుంది' దగ్గర ఊపిరి తీసుకున్నాడు. 'పరిగెత్తకండి' అన్నప్పుడు గొంతు దిగింది. అది ఒడ్డుకి అన్నట్టు లేదండీ. తల పక్కకి తిప్పి, అక్కడ దగ్గరగా ఉన్నవాళ్లెవరినో చూసి నవ్వుతూ అన్నట్టుంది. కిందికి చూస్తూ అన్నట్టుంది."

ఆయన గళ్లలో నాణేలు సర్దాడు. తరవాత, "నన్ను తెడ్డు పక్కన కూర్చోబెట్టేవాడని అమ్మ చెప్పేది," అన్నాడు.

అప్పుడామె లేచి నిలబడి, కిటికీ వైపు తిరిగి, విన్నది విన్నట్టుగా ఆ కేక వేసింది. చివరి మాట దగ్గర తల దించి పక్కకి చూసింది. అక్కడే ఆయన కూర్చుని ఉన్నాడు.

"ఆ నాణెం నాకు దేనికైనా ఇచ్చినట్టు ఇవ్వండి," అంది. "పుచ్చుకుంటూ మళ్లీ అంటాను. పడేది నా గొంతే. కానీ ఆయన అన్న తీరైనా ఉంటుంది."

ఆయన చొక్కా జేబులోంచి నాణెం తీశాడు. ఇవ్వబోయి, గుప్పిట మూసేశాడు.

"ఇది వద్దండీ. ఇందులోది పోతుంది."

"ఏముందండీ అందులో? ఓడిపోయి ఇకిలించిన ఇకిలింపు."

"ఈ ఇంట్లో ఎవరూ అలా నవ్వి చాలాకాలమైందండీ," అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. సొరుగులోంచి, వీళ్ల దగ్గరే కొన్న మేక గొడవ నాణెం ఏరి తీసి ఆమెకిచ్చాడు. "ఇదిగోండి, మీ బస్సు ఖర్చులకి."

చెల్లని నాణెంతో బస్సు ఖర్చులేమిటని ఆమెకి నవ్వొచ్చింది గానీ అది మింగేసి, పుచ్చుకుంటూ ఆ కేక వేసింది. తిరిగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చెవికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. ఎంత కడిగినా గ్రీజు నలుపు వదలని వేళ్లతో దాన్ని ఇంకాస్త నొక్కి పట్టుకున్నాడు.

సైట్లో ఆయన వీళ్ల గురించి చెడుగా ఏమీ రాయలేదు. పైగా ఆ తరవాత నుంచి నెలలో నాలుగైదు నాణేలు కొనేవాడు. కొనేముందు ఫోన్ చేసి, ఫలానాదాంట్లో గొంతు ఎలా ఉందో కాస్త వివరంగా చెప్పమనేవాడు. ఆ వివరంలోకి వాళ్ల వీధిలో ఆగిపోయిన లిఫ్టులూ, అందులో ఇరుక్కున్న జనం కబుర్లూ వచ్చి చేరేవి. మరదలు ఫొటోలు తీస్తూ వినీవిననట్టు ఊరుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అనేసింది.

"వదినా, ఆ లిఫ్టాయనకి నాణేలతో పని లేదు."

"మరెందుకు కొంటున్నాడే?"

"నీతో మాట్లాడాలంటే ఏదో ఒకటి కొనాలి కదా పాపం."

"నోరు ముయ్యి," అంది ఆపరేటరమ్మ. ఆ రోజంతా ఏ నాణెం విన్నా ఆమెకి సరిగ్గా వినపడలేదు.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఆయన ఏ నాణెం ఊసూ లేకుండా ఫోన్ చేశాడు. "మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందండీ. కిటికీ వీధి వైపే. గాలి బాగా వస్తుంది," అన్నాడు.

"అద్దెకిస్తారా?"

"అద్దెకైతే బోర్డు పెట్టేవాణ్ణి కదండీ."

ఆమె ఆలోచించుకుంటానంది. ఆలోచించుకుంది కూడా. లైను కలిపి, అవతలా ఇవతలా "హలో" అనగానే తప్పుకోవడమే ఇన్నాళ్లూ ఆమె చేసిన పని. పెళ్లి కుదిరిన కబుర్లూ, పురుడొచ్చిన కబుర్లూ అన్నీ ఆ మొదటి "హలో" వరకే విన్నది. కలిసిన లైన్లో తనే ఉండిపోవాలంటే ఏం మాట్లాడాలో ఆమెకి తెలియదు. భయం కూడా వేసింది. ఆ మాటే మరదలితో అంది.

మరదలు లెన్సు తుడుస్తూ, "ఆయనకి ముందే తెలుసు కదా వదినా నువ్వు ఎలా నవ్వుతావో. ఇంక కొత్తగా నువ్వు నటించేదేముంది?" అంది. ఆ తరవాత పెరట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. ఆపరేటరమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

"నువ్వొక్కదానివీ ఎలా ఉంటావే?"

"నాకేం, యావదాస్తీ రాసిచ్చావుగా!" అంది మరదలు, మోచేత్తో కళ్లు తుడుచుకుని. "పెద్దదానివి, సిగ్గుపడకు. దగ్గరుండి నేనే సాగనంపుతాను."

అన్నట్టే సాగనంపింది. రెండు సూట్‌కేసులూ బస్సులో పైన సర్దించి, కిటికీ పక్క సీటు పట్టించి, బస్సు కదిలేదాకా కింద నిలబడి మందుల సీసాలు ఎక్కడ పెట్టిందో చెబుతూనే ఉంది. మలుపు తిరిగాక ఆపరేటరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటుంటే కండక్టరొచ్చాడు. ఆమె ఊరి పేరు చెప్పింది.

"రానూ పోనూ తీసుకుంటే కలిసొస్తుందమ్మా. తీసుకుంటారా?"

ఆమె నోట్లిచ్చి, పైన ఇవ్వాల్సిన నాణెం వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు ఆగింది. కండక్టరు చెయ్యి చాపి నిలబడ్డాడు.

"వద్దు నాయనా. వెళ్లడానికే. నేనక్కడే ఉంటాను," అంటూ నాణెం అతని చేతిలో వేసింది.

నాలుగు సీట్ల ముందు ఒకావిడకి చిల్లర ఇవ్వాల్సి వస్తే కండక్టరు నోరెత్తకుండా ఆ నాణెమే ఇచ్చాడు. ఆవిడకి తోచక కాబోలు, దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. విని, ఎవరై ఉంటారా అని వెనక్కి తిరిగి బస్సంతా వెతికింది.

ఆపరేటరమ్మ చెయ్యెత్తి చూపించింది.