ఏ డిస్కులో దాచమంటావు, బూష్తా?

ఘిజ్లాన్ లాప్‌టాప్‌లో సూది మోపే చోటు లేదు. కాసాబ్లాంకాలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆమె వీడియో తీసిన పెళ్ళిళ్ళన్నీ అందులోనే కాపురం పెట్టాయి. పెళ్ళివాళ్ళకి వాళ్ళ వీడియో అందించాక మిగతాది చెరిపేస్తే గొడవే లేదు. కానీ ఆమెకు చేతులు రావు. ఏడుస్తూ నవ్విన పెళ్ళికూతురు, డప్పు వాయిస్తూ నిద్రపోయిన ముసలాయన, ఎవరికీ అక్కర్లేని ఇలాంటి ముక్కలే ఆమెకు ముద్దు. ఆ ముద్దు ముదిరి, శనివారం మరో పెళ్ళి ఉందనగా లాప్‌టాప్ మొరాయించింది. బయట తగిలించుకునే హార్డ్ డిస్కు కొనక తప్పలేదు.

"దర్బ్ ఘల్లెఫ్ బజారుకి ఒక్కదానివే పోతావా? నిన్ను నంజుకు తింటారే!" అంటూ బతూల్ పిన్ని టోపీ ఉన్న పొడుగాటి జెల్లాబా అంగీ తొడుక్కుని గుమ్మంలో సిద్ధమైంది.

"పిన్నీ, ఇది తివాచీ కాదు. నీకేం తెలుస్తుంది?"

"వస్తువు సంగతి నువ్వు చూసుకో. వాడి మొహం సంగతి నేను చూసుకుంటా."

బజారంతా రేకుల కప్పుల కింద ఇరుకు సందులు. పాత టీవీలు, వైర్ల చుట్టలు, ఫోను డొక్కులు. ఓ మలుపు దగ్గర కొట్టులో నల్లగా, బొటనవేలంత మందాన ఉన్న డిస్కు ఘిజ్లాన్ కంట పడింది. లోపల తిరిగే చక్రాలేవీ లేని రకం. కెమెరా సంచీలో పడేసి తిప్పినా, పొరపాటున చెయ్యిజారినా తట్టుకుంటుంది. రెండు టెరాల చోటు. తన లాప్‌టాప్‌కి సరిపోయే తీగ. సీలు విప్పని పెట్టె. సరిగ్గా ఇదే కావాలనుకుంది.

కొట్టు యజమాని చూపు మాత్రం బతూల్ మీద పడింది.

"రా హాజ్జా, కూర్చో. అల్లా నీకు దీర్ఘాయువివ్వాలి. ఆ నల్లదాన్నెందుకు చూస్తారు? ధర మండిపోతుంది, చోటు చూస్తే పిసరంత. ఇదిగో, ఇది చూడండి!" వెండిలా తళతళలాడే డిస్కు తీసి బల్లమీద పెట్టాడు. "పదహారు టెరాలు! చక్రాల్లేని కొత్త రకం. ధర నల్లదాన్లో సగం కూడా లేదు."

"నన్ను హాజ్జా అనకు నాయనా. ఇంకా మక్కాకి పోలేదు. నీలాంటి వాళ్ళ దగ్గర సరుకులు కొంటూ ఉంటే ఇక పోను కూడా," అంది బతూల్.

అతను ఘొల్లున నవ్వాడు. నవ్వితే ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆ కన్ను దగ్గరే ఘిజ్లాన్ మనసు ఆగిపోయింది. ఈ మూసుకుపోయే కన్నుని ఎక్కడో చూసింది. ఒకసారి కాదు, ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి మరీ చూసింది.

ఈలోగా బతూల్ వెండి డిస్కు అందుకుని, పుచ్చకాయని చూసినట్టు చెవి దగ్గర పెట్టి ఊపింది.

"లోపలేదో గలగలమంటోందే."

"చక్రం ఖాలా, చక్రం. తిరగాలి కదా మరి."

"ఇందాకే కదా, చక్రాల్లేని కొత్త రకం అన్నావు?" అంది ఘిజ్లాన్.

"చక్రాల్లేవు. అంటే... పెద్ద చక్రాల్లేవు."

ఘిజ్లాన్‌కి మోసమని రూఢి అయిపోయింది. పదహారు టెరాలు ఇంత చవగ్గా ఎవడూ ఇవ్వడు. లోపల ఓ బుల్లి మెమరీ కార్డు, బరువుకో ఇనప నట్టు. పదహారు ఉన్నాయని కంప్యూటర్‌కి కూడా అబద్ధం చెప్పేలా తయారుచేస్తారు. నిండా ఎక్కించినప్పుడు అన్నీ ఎక్కినట్టే కనిపిస్తాయి, తర్వాత తెరిచి చూస్తే ఏదీ ఉండదు. ఎవరి చెల్లెలి పెళ్ళో అలా గాల్లో కలిసిపోతుంది.

లేచి వెళ్ళిపోదామా అనుకుంది. ఇంతలో పక్కనొకతను, టై కట్టుకున్న మనిషి, అలాంటిదే మరో వెండి డిస్కు పట్టుకుని పర్సు తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు గుర్తొచ్చింది. సత్తాత్ ఊళ్ళో పెళ్ళి! పెళ్ళికొడుకు పెదనాన్న కొడుకు బూష్తా!

ఆమె మొహంలో అల్లరి పాకింది. అది చూసి బతూల్ చిన్నగా స్టూలు లాక్కుని సర్దుకు కూర్చుంది. ఈ పిల్ల మొహం ఇలా వెలిగిందంటే ఎవడికో మూడిందని ఆమెకు తెలుసు.

"అన్నా, కొనేముందు ఓసారి పెట్టి చూస్తాను, సరేనా?" అంది ఘిజ్లాన్, సంచీలోంచి లాప్‌టాప్ తీసి బల్లమీద తెరుస్తూ. "మంచి వీడియో ఒకటుంది. నాకు ప్రాణం. దాన్ని భద్రంగా దాచాలి."

"చూడు చెల్లీ, చూడు. నా కొట్టు నీదే అనుకో."

వీడియో మొదలైంది. రంగుల గుడారం, పళ్ళేల వరస. పక్క కొట్టులో ఫోను తొడుగులమ్మే అల్లాల్ మెడ చాచాడు. టై ఆయన కూడా తొంగిచూశాడు. తెరమీద పసుపు జెల్లాబాలో ఓ మనిషి అటూ ఇటూ చూసి, పళ్ళెంలోంచి కాబ్ గజాల్ మిఠాయి ఒకటి తీసి, వీపు మీద వేలాడే తన జెల్లాబా టోపీలోకి జారవిడిచాడు. ఇంకోటి. ఇంకోటి. టోపీ నీళ్ళు నింపిన తిత్తిలా ఉబ్బింది. అప్పుడే కుర్చీలో కూర్చున్న పెళ్ళికూతురి నాయనమ్మ ఎదురైంది. ఆ మనిషి భక్తిగా ఆమె చెయ్యి ముద్దుపెట్టుకోడానికి వంగాడు. అంతే. మిఠాయిలన్నీ అతని తల మీదుగా జలజలా దొర్లి ముసలావిడ ఒళ్ళో పడ్డాయి. ఆవిడ ఆకాశం వైపు చూసి, రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెట్టింది.

అల్లాల్ కిందపడి దొర్లలేదు గానీ, గోడ పట్టుకున్నాడు. "ఒరే బూష్తా, నువ్వేరా! నువ్వే!"

"నేను కాదు! జెల్లాబా నాది కాదు!" అన్నాడు బూష్తా. చెవులు ఎర్రబడ్డాయి. "చెల్లీ, ఆపు తల్లీ. ఆపేయ్."

"నువ్వా అన్నా? అయ్యో, గుర్తుపట్టలేదు," అంది ఘిజ్లాన్ కళ్ళు పెద్దవి చేసి. "పెళ్ళివాళ్ళకిచ్చిన దాంట్లో ఇది కత్తిరించేశాను. నీ పరువు నాకు తెలీదా? కానీ చెరిపేయడానికి మనసొప్పలేదు. ఇవాళ డిస్కులోకి మార్చి, లాప్‌టాప్‌లోంచి తీసేస్తాను. ఇక అందులో మాత్రమే ఉంటుంది. నువ్వే చెప్పు, నల్లదాంట్లో పెట్టనా, వెండిదాంట్లో పెట్టనా?"

బూష్తా కళ్ళు నల్లదాని మీద పడ్డాయి, వెండిదాని మీద పడ్డాయి, మళ్ళీ నల్లదాని మీద పడ్డాయి. గబుక్కున వెండి డిస్కు తీసి ఆమె చేతిలో కుక్కాడు.

"దీంట్లో! దీంట్లోనే పెట్టు. ఊరికే తీసుకో, డబ్బులొద్దు."

"ఏం, నల్లదాంట్లో పెడితే ఏమవుతుంది?" అంది బతూల్, ఏమీ ఎరగనట్టు.

"అందులో పెడితే చచ్చేదాకా ఉంటుంది ఖాలా! ఇందులో పెడితే రేపటికి ఆనవాలుండదు!"

టై ఆయన చేతిలోని వెండి డిస్కుని, చచ్చిన ఎలకని దింపినట్టు మెల్లగా బల్లమీద పెట్టి, పర్సు జేబులో తోసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తనేం అన్నాడో బూష్తాకి అప్పుడు అర్థమైంది. అల్లాల్‌కి ఈసారి గోడ కూడా చాలలేదు, నేలమీద చతికిలబడ్డాడు.

కాసేపటికి బూష్తా కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఎడమ కన్ను మూసుకుపోయింది.

"కొంప ముంచావు కదే చెల్లీ. సరే, నల్లదే తీసుకో. అసలు ధరకే ఇస్తా. గ్యారంటీ కాగితం మీద ముద్ర కొట్టి ఇస్తా. కానీ ఆ వీడియో..."

"ఎవరికీ చూపించను. మాట."

"ఇవాళ చూపించావుగా!"

"ఇవాళ్టిది పరీక్ష."

బతూల్‌కి అసలు ధర మీద కూడా నమ్మకం కుదరలేదు. బేరం సాగదీసి, ఇంకాస్త తగ్గించి, డిస్కుకి ఓ మెత్తటి తొడుగు కూడా లాక్కుంది. ఆ తొడుగు అల్లాల్ కొట్టుది. డబ్బులు బూష్తా ఇవ్వాలని ఆమే తేల్చేసింది.

వాళ్ళు సందు మలుపు తిరిగేటప్పుడు ఘిజ్లాన్ వెనక్కి చూసింది. బూష్తా వెండి డిస్కులన్నీ అట్టపెట్టెలోకి సర్దుతున్నాడు. బుద్ధొచ్చి సర్దాడో, జనం చెదిరిపోయేదాకా ఆగుదామని సర్దాడో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం పుదీనా టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. పెళ్ళిళ్ళు ఒకటొకటిగా నల్ల డిస్కులోకి కాపురం మారుతున్నాయి. బతూల్ ప్రతి పెళ్ళికూతురికీ ఓ వంక పెడుతోంది. ఒకామె నడుము పట్టీ వదులట, ఇంకొకామె అత్తగారు చూడగానే గయ్యాళట.

"పిన్నీ, కాస్త ఊపిరి తీసుకో."

"నువ్వు నొక్కు, నేను చూస్తా. ఆ తర్వాతిది ఎవరి పెళ్ళి?"

రాత్రి భోజనాల వేళకి లాప్‌టాప్ ఖాళీ అయింది. ఘిజ్లాన్ కెమెరా బ్యాటరీలు చార్జింగులో పెట్టి, శనివారం పెళ్ళివాళ్ళకి ఫోన్ చేసింది.

"ఏమీ ఫరవాలేదండీ, ఎంతసేపు కావాలంటే అంతసేపు డాన్సులు చేసుకోండి," అంది హాయిగా.