ఏడు ముళ్ల తాడు

మూడో ముడి చేతికి తగిలాక ఆనందం ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మంచం కోడు నుంచి పెరట్లో స్నానాలు చేసే జాలారి దాకా భార్య రాజమణి కట్టిన తాడది. అతను నడిపే సాంచెల, అంటే మరమగ్గాల, దగ్గర మిగిలిన నూలు పేని, అడుగుకొక ముడి వేసింది. మొత్తం ఏడు.

చెవి లోపల నత్తగుల్లలాంటిది ఉంటుందని జగిత్యాల డాక్టరు బొమ్మ గీసి చూపాడు. దాన్ని ఆనుకొని నీళ్లు నిండిన మూడు వంకర గొట్టాలు. వినడం గుల్ల పని, మనిషిని నిలబెట్టడం గొట్టాల పని.

"నీకు రెండూ చెడినయ్."

సాంచెల యజమాని ఆసామికి తెలిస్తే పనిలో నిలబడనివ్వడు. ఆ భయంతోనే ఏడాదిగా బతుకుతున్నాడు. సిరిసిల్ల షెడ్డు మోతలో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు కాబట్టి చెవుడు బయటపడలేదు. సాంచెలు పట్టుకొని నడిస్తే తూలడమూ కనబడదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెతో బొగ్గు ఆగి కరెంటు పోయింది. సాంచెలు ఆగాయి. దాక్కునే చోటు పోయింది.

పొద్దున సమ్మెవాళ్ల వంటావార్పుకు రోడ్డు మీదికి పోతూ రాజమణి ఎదురుగా నిలబడి పెదవులు విప్పి విప్పి చెప్పింది. "లేస్తే తాడు ఇడువకు."

ఆనందం జాలారి నుంచి తిరిగి మంచానికి చేరుకోగానే విఠల్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పక్క సాంచెల మనిషి, ఆసామికి మేనల్లుడు.

"ఏందన్నా, ఇంట్ల తోరణం కట్టినవ్? పెండ్లా?"

"బట్టలారేసేదిరా."

"ఒక్క బట్ట లేదు! తాగి పడుతున్నవా ఏంది, పట్టుకొని నడుస్తున్నవ్? మామకు చెప్పాల్నా?"

విఠల్ నవ్వాడు. ఆనందమూ నవ్వాడు.

"బ్యానర్ కట్టెతందుకు తాడు సాలుతలేదన్నా. ఉన్నదా?"

"గిదే తీస్కపో. నాకెందుకు?" మంచం మీద కూర్చునే ఈ కొస విప్పాడు. "ఆ కొస నువ్విప్పుకో."

విఠల్ తాడు చుట్టుకొని పోయాక, ఎండ గడప దాటేదాకా ఆనందం మంచం దిగలేదు. ఇక ఉచ్చ ఆగలేదు. లేచాడు. చెయ్యి చాచి, అడుగుకోసారి గాలిలోనే పిడికిలి బిగించాడు. అయిదు దాకా వచ్చాడు. నేల పక్కకు వాలింది.

రాజమణి వచ్చేసరికి అతని తల జాలారి బండ మీద ఉంది. పిలిస్తే వినడని తెలుసు. అలవాటుగా ఎదురుగా కూర్చొని, పెదవులు విప్పి విప్పి పేరు పిలిచింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

మర్నాడు మలుపు దాకా ఆమె పాడె వెంట నడిచింది. రోడ్డుకు అడ్డంగా బ్యానర్. దాని ఎడమ కొస నుంచి కరెంటు స్తంభం దాకా, చేతి చెమటకు నల్లబడిన ఏడు ముళ్లు.