అతని నడుమెత్తు సింకు

"పీటేసుకోమ్మే, ఎవరొద్దన్నారు?" అన్నాడు ఓబిలేష్, మగ్గం గుంతలోంచి తల తిప్పకుండానే.

త్రివేణి పీట అడగలేదు. సింకు కొంచెం దించమని అడిగింది. కొత్త సింకు పెట్టించి పదకొండు రోజులు. ఈ పదకొండు రోజులూ పైకెత్తిన చేతుల మీదుగా సబ్బునీళ్లు మోచేతులు దాటి, చంకలు దాటి, నడుము దాకా పారుతున్నాయి. పేరులో మూడు నదులు పెట్టుకున్న మనిషికి వీధి కుళాయి నాలుగు రోజులకోసారి ఒక సన్నటి ధార ఇస్తుంది. ఆ ధారలో సగం ఇప్పుడు జాకెట్టుకే పోతోంది. ఈ ఏడు ధర్మవరంలో నిలువునా తడిసింది తానొక్కతేనేమో. చేన్లు కూడా ఇంత తడవలేదు.

అసలు బట్టలుతకడానికి ఒక గదంటూ ఏర్పడడమే పెద్ద కథ. పద్దెనిమిదేళ్లు పెరట్లో బండ ముందు మునికాళ్ల మీద కూర్చుని ఉతికింది. బతుకుకీ ఉతుకుకీ మొదటి అక్షరం ఒక్కటే తేడా అని, ఆ తేడా కూడా తన విషయంలో చెరిగిపోయిందని అనుకునేది. చివరికి నడుము మొండికేసింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పెట్టి చూసి, "ఇంక వంగొద్దమ్మా" అన్నాడు. త్రివేణికి నవ్వొచ్చింది. కోడలితో వంగొద్దని చెప్పిన మొదటి మగవాడు ఈయనే. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్త నాగలక్ష్మమ్మ, "వంగకుంటే యాడ జరుగుతాదమ్మా పని?" అంది. వాషింగ్ మిషను మాటెత్తితే, "మిషనైతే బిందెలు బిందెలు తాగుతాది. మనిషికి ఒక చెంబు సాలు" అని తేల్చేసింది. ఎన్నో నెలల నసుగుడు తర్వాత, మగ్గం గది వెనక రేకుల గదిలో నిలబడి ఉతుక్కునేటట్టు సింకు పెట్టించడానికి ఓబిలేష్ ఒప్పుకున్నాడు. అతడి వృత్తి నేత. ఇంటికీ అతడే నేత. అందుకని ఆ ఒప్పుకోలు ఇంట్లో ఆగలేదు. "మా ఇంట్లో ఆడోళ్లకి సింకు పెట్టిస్తాండా" అని టీ అంగడి దాకా చాటింపు వేసుకున్నాడు. సింకుకి శంకుస్థాపన ఒక్కటే తక్కువ.

ప్లంబరు అల్లాబకాష్ వచ్చిన రోజు త్రివేణి రాట్నం దగ్గర ఉంది. మగ్గంలో నాడె అటూ ఇటూ పరుగెత్తాలంటే దాని కడుపులో దారం చుట్టిన కండె ఉండాలి. ఓబిలేష్ గుంతలో దిగేసరికి కండెల బుట్ట నిండి ఉండాలి. ఆ బుట్ట ఎలా నిండుతుందో అతడు ఎన్నడూ అడగలేదు, తెల్లారితే సూర్యుడు ఎందుకొచ్చాడని ఎవరూ అడగనట్టు. తలుపు సందులోంచి మాటలు వినబడుతున్నాయి.

"ఎంత ఎత్తుకి పెట్టల్లన్నా?"

ఓబిలేష్ గోడ పక్కన నిలబడి నడుము మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. "ఈడికి పెట్టప్పా."

"నువ్వు ఆరడుగులుండావన్నా. ఉతికేది అక్క గదా. అక్కని ఒక్క నిమిషం వచ్చి నిలబడమను, టేపు పట్టి చూస్తా."

"కోడలికి టేపు పట్టేదేందప్పా?" అత్త గొంతు. "ఇంటి మొగోడు నిలబడినాడు గదా. ఆ కొలత సాల్దా?"

టేపు సర్రున డబ్బాలోకి చుట్టుకుపోయిన చప్పుడు. గోడకు డ్రిల్లు పెట్టిన మోత మొదలైంది.

త్రివేణి లేవాల్సింది అప్పుడే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే ఈ పదకొండు రోజులూ సింకుని తిట్టబోయి తనని తానే తిట్టుకుంటోంది. నాలుగడుగులు వేసి, గోడకి ఆనుకుని నిలబడి, మోచెయ్యి మడిచి "ఈడికి అన్నా" అంటే సరిపోయేది. కానీ చేతిలో సగం చుట్టిన కండె. లేస్తే దారం వదులవుతుంది, వదులైతే చిక్కుపడుతుంది, చిక్కుపడితే సాయంత్రం దాకా ఇద్దరి నోళ్లూ ఊరుకోవు. దారం చిక్కుపడకూడదని తను చిక్కుకుపోయింది. ఇట్లాంటి నిమిషాలే ఎన్నో ఉన్నాయి ఆమె లోపల, లేవాల్సి ఉండగా లేవని నిమిషాలు. తలుపు తీసే ఉంటుంది. ఆమె కాళ్లూ బాగానే ఉంటాయి. చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఇల్లు ఆగుతుంది అని ఎవరో చెవిలో చెబుతూనే ఉంటారు. ఆ గొంతు అత్తది అనుకునేది ఇన్నాళ్లూ. ఈ మధ్య వింటే తన గొంతులాగే ఉంది.

పీట వేసుకుంది. వేసుకోక ఏం చేస్తుంది? ఆమెకి పీట కొత్తేమీ కాదు. పెళ్లిలో తలంబ్రాలు పోయాలంటే పెళ్లికొడుకు నెత్తి అందలేదు. "పిల్ల కింద ఇంకో పీట వెయ్యండప్పా" అని ఎవరో అరిస్తే పందిరంతా నవ్వింది, ఆమె కూడా తలవంచుకుని నవ్వింది. అతని ఎత్తు అందుకోవడానికి మొదటి రోజే ఒక పీట. కలిసుండడమంటే ఒకరు ఎక్కుతూ ఉండడమని ఆనాడు ఎవరూ చెప్పలేదు.

పీటెక్కిన మూడో రోజు తడి గచ్చు మీద సబ్బు నురుగుకి పీట జారింది. త్రివేణి సింకు అంచు పట్టుకుని వేలాడి, మోకాలి మీద పడింది. మగ్గం చప్పుడు ఆగింది.

"ఏం పడిందే?" ఓబిలేష్ కేక.

"సింకు పగల్లేదు గదా?" అత్త కేక.

"నేనే పడినా."

"సూసుకోని దిగల్ల గదమ్మే! పొట్టిదాన్ని సేసుకున్నందుకు సింకుది తప్పా?" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. మగ్గం మళ్లీ మొదలైంది.

కుంటుకుంటూ కండెల బుట్ట కోసం మగ్గం గదిలోకి వెళ్లింది. మగ్గం గుంజకి వేలాడుతున్న దారం కంటబడింది. పసుపు రాసిన పాత దారం, మధ్యలో ఒక ముడి. రెండేళ్ల నాడు ఓబిలేష్‌కి మోకాళ్లు నొప్పులని గుంత మళ్లీ తవ్వించారు. అతడు అంచున కూర్చుని కాళ్లు వేలాడేస్తే మేస్త్రీ మోకాలి నుంచి మడమ దాకా నాలుగుసార్లు కొలిచాడు. "బాగా సూడప్పా. వేలెడు తేడా వచ్చినా నడుము పోతాది. పని సేసే మనిషి కొలత గదా" అన్నాడు ఓబిలేష్. ఆ కొలత పోకూడదని నాగలక్ష్మమ్మే దారానికి ముడివేసి, పసుపు పూసి, గుంజకి కట్టింది. కొలిచినప్పుడు దారం రెండో కొస పట్టుకుని వంగి కూర్చున్నది త్రివేణి.

ఆమె చాలాసేపు ఆ ముడి వైపు చూసింది. మోకాలి మీద నెత్తురు ఆరిపోయింది.

మర్నాడు పొద్దున ఓబిలేష్ గుంతలో దిగాడు. పెళ్లివాళ్ల చీర, పండక్కి ముందే ఇవ్వాలి. అలవాటుగా బుట్టలో చెయ్యి పెట్టాడు. వేళ్లకి బుట్ట అడుగు తగిలింది.

"త్రివేణీ! కండెలు యాడ?"

ఆమె రేకుల గదిలోంచి వచ్చింది. చేతిలో ఇంకో దారం, పసుపు రాసి ఉంది, ఒక కొస దగ్గర ముడి. దాన్ని తెచ్చి గుంజకి, అతని దారం పక్కనే కట్టింది.

"ఇది నేల నుంచి నా మోచేతి దాకా కొలత. అల్లాబకాష్ అన్నకి ఫోన్ సేసినా. టేపు వద్దన్నా, దారం ఉండాది రా అని సెప్పినా. సింకు దించినాక సుడతా కండెలు."

"పిచ్చి పట్టిందా నీకు? మగ్గం ఆగిపోతాది!"

"పని సేసే మనిషి కొలత గదప్పా. వేలెడు తేడా వచ్చినా నడుము పోతాదని నువ్వే సెప్పినావు. నాకు జానెడు వచ్చింది."

ఓబిలేష్ తల తిప్పాడు. గుంజకి వేలాడుతున్న రెండు ముడుల వైపు చూశాడు. నాడె అతని చేతిలో ఖాళీ కడుపుతో ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గదిలో పగటిపూట అంత నిశ్శబ్దం అతడు ఎరగడు.

త్రివేణి సింకు కిందినుంచి పీట తెచ్చి, గడపకి ఇవతల వేసి, దాని మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏ పనీ లేకుండా ఆ రెండు చేతులూ ఎక్కడ ఉంటాయో ఆమెకే తెలియక, ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంది. రాట్నం మూడడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. చాపమని లోపల ఆ పాత గొంతు చెబుతూనే ఉంది.

నాగలక్ష్మమ్మ వంటింట్లోంచి వచ్చి నోరు నొక్కుకుంది. "ఏందమ్మా ఇది? పొద్దున్నే పీటేసుకోని కూసున్నావు?"

"పీట ఉండేది కూసునేకే గదత్తా" అంది త్రివేణి, లేవకుండా.