పదకొండు మచ్చలు

ఆయన టైల్స్ ఫ్యాక్టరీలో తనిఖీదారు. బట్టీలోంచి వచ్చిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి, వెలుతురుకు వాల్చి చూసి, ఆవగింజంత నల్ల మచ్చ కనబడినా చూపుడు వేలితో పక్కకు నెట్టేయడం ఆయన పని. ఇంటికి వచ్చాక తత్వశాస్త్రం చదివేవాడు. మనిషి తన లోపం తాను చూసుకోలేడన్న వాక్యం ఎదురైనప్పుడల్లా కింద పెన్సిలుతో గీత గీసి, అది వర్తించే బంధువులను తలుచుకునేవాడు.

గురువారం ఆయన కూతురు మొదటిసారి గొడ్డుమాంసం కీమా వండింది. కాల్చిన పచ్చిమిరపకాయలు వేసి, చెవుల్లోంచి పొగలు వచ్చేంత కారంగా. ఆయన అన్నం కలపబోయి ఆగాడు. కూరలోంచి నల్లటి పొరలను ఏరి కంచం అంచున వరసగా పేర్చాడు. పదకొండు తేలాయి. "మాడింది" అని కంచాన్ని నెట్టేశాడు, అదే వేలితో.

ఆనాటి నుంచి కూతురు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదు.

"మూడు రోజులైంది. వెళ్లి పిలవండి," అంది భార్య ఆదివారం ఉదయం.

"పిలవడమెందుకు? అదే కూర మచ్చ లేకుండా వండి పెడతాను. తప్పెక్కడుందో దానికే తెలుస్తుంది."

"తెలుస్తుంది లెండి, ఎవరో ఒకరికి."

లావుపాటి మిరపకాయలను మంట మీద తిప్పుతూ, నలుపు తిరగబోయే క్షణంలో ఒక్కొక్కటే తీసేశాడు. తోలు ఊడి రాలేదు. సరేనని అలాగే తరిగాడు. ఉల్లి, వెల్లుల్లి వేగాక కీమా వేసి, నీరు ఇగిరి నూనె తేలేదాకా కలిపి, మిరపకాయ ముక్కలు వేసి దించాడు. కూర నిగనిగలాడుతోంది. ఫ్యాక్టరీలో అయితే మొదటి రకం ముద్ర వేసేవాడు.

రుచి చూశాడు. పచ్చి వాసన. తోలు పళ్ల సందుల్లో కాగితంలా ఇరుక్కుంది.

అప్పుడు అర్థమైంది. మాడ్చేది తోలు ఊడదీయడానికే. ఆ పదకొండూ, కూతురు ఒలిచిన వందల పొరల్లో తప్పించుకున్నవి. ఆ రోజు కంచం అందించిన ఆమె వేలికొసలు ఎర్రగా ఉన్నాయేమో! మచ్చలు లెక్కపెట్టిన కంటికి వేళ్లు కనబడలేదు.

ఆమె గది తలుపు తట్టాడు, కణుపుతోనే.

"చిట్టీ, కూర చెడింది. నాది."

"ఏం, మాడిందా?"

"మాడలేదు. అదే తప్పు."

ఆమె వచ్చి ఒక ముద్ద తిని, పళ్ల సందులోంచి తోలు తీసి ఆయన కంచం అంచున పెట్టింది. తర్వాత ఇంకొకటి.

"పదకొండు దాకా చూద్దామా నాన్నా?"

"చూడు. నాకు తగిన శాస్తి."

"అంత ఓపిక నాకు లేదు. కాయలు మిగిలాయా?"

ఆరున్నాయి. ఆమె వాటిని మంట మీద పడేసింది. అవి చిటపటలాడుతూ నల్లబడుతుంటే ఆయన చెయ్యి దానంతటదే పొయ్యి వైపు వెళ్లింది.

"ముట్టుకోకు!"

చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కాయలు బొగ్గులా అయ్యాక ఆమె వాటి మీద గిన్నె బోర్లించింది. కాసేపాగి, "ఇప్పుడు ఒలువు," అంది. తోలు చెప్పినట్టు వచ్చింది. వేళ్లు భగ్గుమన్నాయి.

"ఆ చిన్న పొర ఉండనీ నాన్నా."

ఉండనిచ్చాడు. ఆమె కాయలను తరిగి కూరలో కలిపి, తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. తింటున్నంతసేపూ ఆయన చూపుడు వేలు కంచంలోని ఆ పొర దాకా రెండుసార్లు వెళ్లి, ఖాళీగా తిరిగి వచ్చింది.