మాదమ్మాళ్ చెయ్యి ఎందుకు కదిలింది

1986 ఆగస్టు 19, మంగళవారం, ఉదయం 9 గంటల 10 నిమిషాలు. ధర్మపురిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు ఇస్తుండగా మాదమ్మాళ్ చెయ్యి ఎగిరిపడింది. సూది ఊడింది. ఆపరేషన్ ఆగింది.

మాదమ్మాళ్‌ది ఆ పక్కనే ఉన్న అదియమాన్‌కోట్టై అనే ఊరు. మేస్త్రీల దగ్గర సిమెంటు, ఇటుకల తట్టలు మోస్తుంది. బొడ్డు దగ్గర పేగు పొడుచుకొచ్చింది. కోసి కుట్టకపోతే ఇక తట్ట ఎత్తకూడదన్నారు.

పదిన్నరకు సర్జన్ పళనిస్వామి ఆమెను వరండాలోకి పంపించేశాడు.

"ఒళ్ళు పొగరు. సూదికి అడ్డంపడే మనిషిని నేను కోయను. పిలుచుకొని పో" అన్నాడు ఆమె భర్త సీనప్పతో.

సీనప్ప భార్య మీద విరుచుకుపడ్డాడు. "మూడంతస్తులు నిచ్చెన ఎక్కేదానివి, సూదికి బెదిరినావా?"

"నేను కదిలించలేదు. చెయ్యంతా మంట పుట్టినాది. దానంతట అదే ఎగిరినాది."

"చేతికి వేరే బుద్ధి ఉండాదా?"

మాదమ్మాళ్ వరండాలోని బల్ల మీద నుంచి లేవలేదు.

సేలం నుంచి వారానికి రెండు రోజులు వచ్చే మత్తు డాక్టరు దేవరాజన్ పదకొండుకు వచ్చాడు. పొద్దున ఆయన కోసం ఆగకుండా పళనిస్వామే మత్తు ఇచ్చాడు. మాదమ్మాళ్ దేవరాజన్‌కు అడ్డంగా నిలబడి జరిగింది చెప్పింది.

పళనిస్వామి గదిలోంచి వచ్చాడు. "అప్పటికే నిద్రపోయినాది. దీనికేం తెలుసు?"

"నిద్రపోయిన మనిషి అడ్డంపడిందా?" అన్నాడు దేవరాజన్.

"నిద్ర పట్టలేదు సామీ. కన్ను తెరవలేకపోయినాను, ఊపిరి ఆడలేదు. లేపాలని నర్సమ్మ చెంప మీద కొట్టినాది. 'ఇటుకలు మోసే చేతికి సూది నొప్పా' అని ఈయనే అన్నారు. అంతా విన్నాను."

దేవరాజన్ నర్సు సరసు వైపు తిరిగాడు. "రెండు మందులకూ మధ్య ఎంతసేపు ఆగినారు?"

"ఆగలేదు సార్. డాక్టరు తొందరపెట్టినారు."

దేవరాజన్ పళనిస్వామితో అన్నాడు: "మొదటి మందు నిద్రకు. రెండోది కండరాలు సడలడానికి. నిద్ర పట్టకముందే రెండోది ఎక్కితే ఒళ్ళు దానంతట అదే అదురుతుంది. నొప్పి తెలుస్తుంది, అరవడానికి గొంతు రాదు. సూది ఊడేలోపే రెండో మందు లోపలికి పోయింది. కూలిమనిషి గనుక పొగరన్నారు. మీ అమ్మగారైతే ఆ మాట అనేవారా? రోగి కదిలితే డాక్టరు ముందు తన చేతిని చూసుకోవాలి. ఈమెకు ఆపరేషన్ జరగకపోతే నేనిక ఇక్కడికి రాను."

గురువారం దేవరాజన్ మత్తు ఇచ్చాడు. పళనిస్వామి కోసి కుట్లు వేశాడు. 9 గంటల 40 నిమిషాలకు ఆపరేషన్ ముగిసింది. ఎనిమిదో రోజు కుట్లు విప్పేదాకా పళనిస్వామి మాదమ్మాళ్‌తో ఒక్క మాటా మాట్లాడలేదు.